కరెంటు వర్జ్యం

పెదలంకపేటలో కరెంటుకి ఒకప్పుడు రెండే పనులు తెలుసు: ఉండడం, పోవడం. ఉన్నంతసేపూ పొద్దున్నయినా, సాయంత్రమయినా ఒకటే ధర. ఇంత తేలిగ్గా అర్థమయ్యే పద్ధతిని ఇన్నేళ్లు ఎలా సాగనిచ్చామా అని కరెంటాఫీసు వారికి ఉన్నట్టుండి సిగ్గేసింది. వెంటనే పాత మీటర్లన్నీ పీకించి, ఇంటింటి గోడకీ తెల్లటి కొత్త మీటర్లు బిగించారు. ఎవరింట్లో ఏ వేళప్పుడు ఏ స్విచ్చి వేశారో ఆ మీటరు కనిపెట్టి, ఎప్పటికప్పుడు ఆఫీసుకి చాడీలు చేరవేస్తుందని ఊళ్లో చెప్పుకున్నారు. చెప్పుకున్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు.

కొత్త పద్ధతి ప్రకారం మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నప్పుడు కరెంటు చౌక. సాయంత్రం దీపాలు పెట్టే వేళ నుంచి భోజనాలయ్యేదాకా ప్రియం. అంటే ఇంట్లో ఎవరూ లేనప్పుడు చౌక, అందరూ ఉన్నప్పుడు ప్రియం అన్నమాట. ఈ శుభవార్తని ఆఫీసువారు కరపత్రం వేయించి పంచారు. "గరిష్ఠ భార సమయమందు విచక్షణ గల వినియోగదారులు తమ వినియోగమును కనిష్ఠ భార సమయమునకు స్వచ్ఛందముగా బదలాయించుకొనవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది" అని అందులో ఉంది. కాగితం కాస్త దళసరిది కావడంతో సెంటర్లో బజ్జీల బండి వాడికి బాగా పనికొచ్చింది.

ఆఫీసుకి పెద్ద డివిజనల్ ఇంజనీరు చిత్తరంజన్ గారు. జనం డి.ఇ. గారంటారు. ఆయన కరెంటు గురించి మాట్లాడడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు ఆయన పట్టుకున్న విద్య పేరు "ప్రవర్తనా పరివర్తన". వినియోగదారుల ప్రవర్తన ఎంత మారిందో లెక్కగట్టి కేంద్ర కార్యాలయం నెలనెలా ఊళ్లకి ర్యాంకులిచ్చేది. పెదలంకపేట అందులో అట్టడుగున ఉంది. ప్రమోషను దగ్గర పడుతున్న మనిషికి ఇది మింగుడుపడే సంగతి కాదు. అందుకని ఆయన కల్యాణ మండపంలో అవగాహన సదస్సు పెట్టించారు.

ఆ సదస్సుకి అవధాన్లు గారు కూడా వెళ్లారు. ఆయన పంచాంగకర్త. ఏటేటా ఆయన రాసే పసుపు అట్ట పంచాంగం చుట్టుపక్కల లంక గ్రామాలన్నిటికీ ప్రమాణం. ఆయన వెళ్లింది పరివర్తన కోసం కాదు, భార్య కోసం. సీతారావమ్మ గారికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. గాల్లోంచి ఆక్సిజన్ వడకట్టి, గొట్టంతో ముక్కులోకి పంపించే మిషనొకటి డాక్టరు మంచం పక్కన పెట్టించాడు. "చల్లబడే వేళకి ఆయాసం ఎక్కువవుతుంది. సాయంత్రం పూట మాత్రం దీన్ని ఆపకండి" అని మరీ మరీ చెప్పాడు. సరిగ్గా ఆ వేళకే ఆఫీసువారి ధర కూడా ఎక్కువవుతుంది. కొత్త పద్ధతిలో వచ్చిన మొదటి బిల్లు చూసి అవధాన్లు గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. అంకె మారలేదు.

వేదిక మీద తెరకట్టి డి.ఇ. గారు ఒక గీత చూపించారు. ఆ గీత సాయంత్రం దగ్గర కొండలా పైకి లేచింది.

"ఈ శిఖరాన్ని మనందరం కలిసి చదును చేయాలి" అన్నారాయన. "భార బదలాయింపే పౌర బాధ్యత!"

జనం ఆ శిఖరం కేసి చూసి, ఆవలించి, తిరగని ఫ్యాన్ల కేసి చూశారు. అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి నాగరత్నం లేచింది. అవధాన్లు గారి పక్కింటామె. ఇంట్లోనే గ్రైండరు పెట్టుకుని ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకుంటుంది.

"అయ్యా, నాకు తెలీకడుగుతాను. ఇది రావుకాలం లాంటిదాండీ? ఆ టైములో ఏదీ మొదలెట్టకూడదు, అంతేనా?"

మండపమంతా ఒక్కసారి "ఆఁ" అంది. "అలా చెప్పాలి కదండీ మరి!" అని ఒకాయన డి.ఇ. గారి మీద కేకలేశాడు. ఇంకో నలుగురు వెనక్కి తిరిగి, అవధాన్లు గారిని ఇవాళ అది ఎప్పుడు మొదలవుతుందని అడగడం మొదలెట్టారు. గీత గీసినాయన్ని వదిలేసి జనం పంచాంగం రాసేవాడి చుట్టూ మూగడం డి.ఇ. గారు కళ్లార్పకుండా చూశారు.

సందు చూసుకుని అవధాన్లు గారు తన మాట అడిగారు. "మా ఆవిడ ఊపిరి మిషను మీద నడుస్తోందండీ. దాన్ని కూడా బదలాయించాలా?"

"చక్కని ప్రశ్న" అన్నారు డి.ఇ. గారు. "వ్రాతపూర్వకంగా సమర్పించండి."

మర్నాడు డి.ఇ. గారి జీపు అవధాన్లు గారి వాకిట్లో ఆగింది. ఆఫీసరు వీధరుగు మీద కూచుని కాఫీ తాగుతాడని ఆ వీధిలో ఎవరూ కలగనలేదు. "గురువుగారూ, విద్యుత్ పంచాంగం రాసి పెట్టాలి. వేళలు మేమిస్తాం, భాష మీది. సంస్థ ఖర్చుతో అచ్చువేసి గడపగడపకీ చేరుస్తాం" అన్నారాయన.

అవధాన్లు గారికి శాస్త్రం గుర్తొచ్చింది. కరెంటుకి వర్జ్యమేమిటి? ఏ ఋషి చెప్పాడు? అడుగుదామని నోరు తెరిచారు కూడా. కానీ ఫోనుల్లో తిథులూ నక్షత్రాలూ వచ్చి పడ్డాక ఆయన పంచాంగాలు అటకెక్కాయి. గడపగడపకీ అన్న మాట వినేసరికి నెత్తిన పాలు పోసినట్టయింది. పైగా డి.ఇ. గారు లేవబోతూ గొంతు తగ్గించి, "అమ్మగారి మిషనుకి మినహాయింపు ఫైలు నేనే స్వయంగా నడిపిస్తాను" అన్నారు. దాంతో ఋషులు వెనక్కి తగ్గారు.

ఉగాది లేకుండా, సంవత్సరం మధ్యలో పుట్టిన మొట్టమొదటి పంచాంగం అది. సాయంత్రపు ప్రియమైన వేళకి అవధాన్లు గారు "విద్యుద్వర్జ్యం" అని పేరు పెట్టారు. మధ్యాహ్నపు చౌక వేళలు అమృత ఘడియలయ్యాయి. కలం పట్టాక ఆయన చెయ్యి ఆగలేదు. "వర్జ్యమందు మిక్సీ తిప్పిన గృహమున కలహము. ఇస్త్రీ చేసిన వస్త్రము ధరించిన కార్యభంగము. మోటారు వేసిన జలగండము" అని ఫలితాలు కూడా రాసేశారు.

సీతారావమ్మ గారికి కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఒక అలవాటుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి, "ఇవాళ వర్జ్యం ఎప్పుడండీ?" అని అడుగుతుంది. ఆ వేళకి వీధి గుమ్మం కూడా దాటదు. ఇప్పుడు కళ్లకి శుక్లాలొచ్చాయి. ఊపిరి తిన్నగా లేనిదే కంటి ఆపరేషను వద్దన్నారు. కాబట్టి ఏ కాగితమైనా ఆయన చదివితే వినడమే.

ఆయన కొత్త పంచాంగం మొత్తం చదివి వినిపించారు. ఆమె శ్రద్ధగా విని, "అయితే మిషను కూడా కరెంటేగా?" అంది.

ఆయన అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటున్నారు. ఆఫీసు జీపు హారను కొడుతోంది. "నీకు మినహాయింపు వస్తుందే. ఫైలు నడుస్తోంది" అనేసి వెళ్లిపోయారు.

కరపత్రంతో కదలని ఊరు పంచాంగంతో కదిలింది. సాయంత్రమయ్యేసరికి వీధులకి వీధులు చల్లబడ్డాయి. కోడలు మిక్సీ వేయబోతే అత్త చెయ్యి పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం అమృత ఘడియలు రాగానే మాత్రం ఊరంతా ఒక్కసారి రొద. గ్రైండర్లు, మోటార్లు, ఇస్త్రీ పెట్టెలు, బట్టల మిషన్లు అన్నీ మొదలు. మర్నాటి ఇడ్లీలు ఇవాళ మధ్యాహ్నమే ఉడికేవి. వాటిని పొద్దున్నే తిన్నవాళ్లు అవి ఇడ్లీలని నమ్మి తినేవారు. డెలివరీ కేసులన్నీ అమృత ఘడియల్లోనే చేస్తామని సెంటర్లో నర్సింగ్ హోమ్ వారు బోర్డు పెట్టారు. తొందరపడి ముందే పుట్టిన ఒక పిల్లవాడికి ఛార్జీ ఎక్కువ వేశారు.

పెదలంకపేట ర్యాంకు అట్టడుగు నుంచి పైకి ఎగబాకింది. డి.ఇ. గారికి ప్రశంసాపత్రం వచ్చింది. అవధాన్లు గారు బజారులో నడుస్తుంటే జనం పక్కకి తప్పుకుని దండాలు పెట్టారు. ఆయన నడక కూడా కొంచెం నెమ్మదించింది, అందరూ చూడడానికి వీలుగా.

"మా ఆవిడ ఫైలు..." అని అడిగారాయన.

"వర్గీకరణ దశలో ఉంది గురువుగారూ. మిషను గాలికి సంబంధించినది కాబట్టి ఏసీ, కూలర్లతో పాటు విలాస వస్తువుల కింద వస్తుందా అన్నది తేలాలి."

చిక్కు ఆ పై నెలలో వచ్చింది. ఊరంతా మధ్యాహ్నం మీద పడడంతో డి.ఇ. గారి గీతలో శిఖరం సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి నడిచొచ్చింది. సెంటర్లో ట్రాన్స్‌ఫార్మరు నూనె కక్కింది. శిఖరం ఎక్కడుంటే అక్కడ ప్రియం అన్నది నిబంధన. కాబట్టి అమృత ఘడియలు రాత్రికి రాత్రి వర్జ్యమయ్యాయి, వర్జ్యం అమృతమయింది. అవధాన్లు గారు "సవరణ" అని ఒక కాగితం అచ్చువేయించారు. ఊరు సాయంత్రానికి మారింది. శిఖరమూ వెనకాలే మారింది. మళ్లీ సవరణ. ఆ తరవాత వారం వారం సవరణలే. జనం విసుక్కోలేదు సరికదా, సవరణ రాని వారం కంగారు పడేవారు.

"గ్రహాలు కూడా ఇంత తొందరగా మారతాయాండీ?" అని నాగరత్నం ఒకసారి పిట్టగోడ మీంచి అడిగింది. "పొద్దున నానబోసిన పప్పు ఎప్పుడు రుబ్బాలో తెలీక పులిసిపోతంది. నిన్న పిండి పట్టుకెళ్లినోళ్లందరూ ఇవాళ గిన్నెలతో సహా తగూకొచ్చారు."

"గోచారం" అన్నారు అవధాన్లు గారు, ఇంకేమీ తోచక.

ఇక డి.ఇ. గారికి ఒక మహత్తరమైన ఊహ కలిగింది. అందరికీ ఒకటే వర్జ్యం ఉండబట్టే కదా శిఖరం ఊరేగుతోంది? మనిషికో వర్జ్యం ఉంటే శిఖరమే ఉండదు! "నక్షత్రవారీ ధరల విధానం" అని దానికి పేరు పెట్టి కేంద్ర కార్యాలయానికి పంపారు. "స్థానిక సంస్కృతితో సమన్వయపరచిన శాస్త్రీయ భార వితరణ" అని వాళ్లు మెచ్చుకుని, ప్రయోగాత్మకంగా అనుమతిచ్చారు. అశ్వని నుంచి రేవతి దాకా ఏ నక్షత్రానికి ఏ వేళ వర్జ్యమో లెక్కకట్టే బాధ్యత అవధాన్లు గారిది.

ఆయన రోజూ సాయంత్రాలు ఆఫీసులోనే కూచుని లెక్కలు కట్టారు. కట్టుకథే అయినా లెక్క లెక్కే కదా, తప్పు రాకూడదని ఆయన పట్టుదల. ఆయనది పునర్వసు. ఆ లెక్కలో పునర్వసుకి వర్జ్యం సరిగ్గా సాయంత్రం వచ్చి కూచుంది.

"మీదొక్కటీ కాస్త అటూ ఇటూ జరుపుకోండి, ఎవరు చూడొచ్చారు?" అన్నారు డి.ఇ. గారు.

"లెక్క జరిపితే నేను సిద్ధాంతినెలా అవుతానండీ?" అని అవధాన్లు గారు నొచ్చుకున్నారు. మినహాయింపు ఎలాగూ వస్తుంది కదా అన్న ధీమా కూడా ఉంది.

ఒకే ఇంట్లో మొగుడిది ఒక నక్షత్రం, పెళ్లానిది ఇంకొకటి. ఫ్యాను ఎవరి నక్షత్రం మీద తిరుగుతున్నట్టు? దీని మీద ఆఫీసువారు వివరణ ఇచ్చారు: మీటరు ఎవరి పేరున ఉంటే వారి నక్షత్రమే ఇంటి నక్షత్రం. నాగరత్నం మీటరు పోయిన మామగారి పేరున ఉంది. ఆయన ఏ నక్షత్రంలో పుట్టాడో చెప్పగలవాళ్లు ఎవరూ మిగల్లేదు. "మరణించిన వినియోగదారుల విషయములో వారు మరణించిన నక్షత్రము పరిగణించబడును" అని ఇంకో వివరణ వచ్చింది. దాంతో, బతికున్నప్పుడు ఆమెని పల్లెత్తు మాట అనని మామగారు పోయాక ఆమె గ్రైండరుకి అడ్డం పడ్డాడు. మంచి వేళలు పడ్డ రోహిణి వారికి ఊళ్లో ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. పెళ్లిచూపుల్లో పిల్ల చదువు, రంగు అడగడం మానేసి, "అమ్మాయి పేరున మీటరు మార్పించుకోవచ్చా?" అని అడిగారు.

ఈ హడావుడిలో డాక్టరు సీతారావమ్మ గారిని చూసి మొహం చిట్లించాడు. "మనిషి నీరసించిపోతున్నారేంటి? మిషను సరిగా వాడుతున్నారా?"

"వాడుతోందండీ" అన్నారు అవధాన్లు గారు. "వాతావరణం మారింది కదా."

సీతారావమ్మ గారు ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకుంది.

మర్నాడే ఆయన ఆఫీసుకి వెళ్లి గట్టిగా అడిగారు. డి.ఇ. గారు ఫైలు తెప్పించారు. అందులో కేంద్ర కార్యాలయం వారి ప్రశ్న ఒకటి ఉంది. "రోగి తన శ్వాసక్రియను చౌక వేళలందు అధికముగా జరుపుకొని, ప్రియమైన వేళల నిమిత్తము నిల్వ ఉంచుకొను అవకాశము పరిశీలించబడినదా? లేనిచో కారణములు తెలుపవలెను."

అవధాన్లు గారు దాన్ని రెండుసార్లు చదివారు. "ఊపిరి నిల్వ పెట్టుకోవడమేమిటండీ?"

"అపార్థం చేసుకోకండి. అది ప్రశ్న మాత్రమే. ప్రశ్న వచ్చిందంటే ఫైలు ప్రాణంతో ఉన్నట్టు."

పరిశీలించామనీ, రోగికి ఆ సౌకర్యం లేదనీ అవధాన్లు గారే జవాబు రాసిచ్చారు. సంతకం పెడుతుంటే ఆయనకి మొదటిసారి ఒళ్లు మండింది. అయినా పెట్టారు.

ఇంతలో పెదలంకపేటకి "ఆదర్శ ప్రవర్తనా పట్టణం" బిరుదు వచ్చింది. సంస్థ ఛైర్మన్ గారు స్వయంగా వచ్చి ప్రదానం చేస్తారట. సభ అదే కల్యాణ మండపంలో, దీపాలు పెట్టే వేళకి. మండపం నిండా రంగు లైట్లు, అద్దె ఏసీలు. సంస్థకి జన్మనక్షత్రం లేదు కనక వర్జ్యం వర్తించదని అంతకుముందే వివరణ వచ్చింది.

అవధాన్లు గారు పట్టుపంచె కట్టుకుని ముందు వరసలో కూచున్నారు. ఛైర్మన్ గారికి సమర్పించాల్సిన కొత్త పంచాంగం ప్రతిని ఇంట్లో మరిచిపోయినట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఛైర్మన్ గారి కారు ఇంకా రేవు దగ్గరే ఉందని తెలిసి, గబగబా ఇంటికి నడిచారు. కొన్ని నెలలుగా ఆ వేళప్పుడు ఆయన ఇంటి మొహం చూసింది లేదు.

గడపలో అడుగు పెట్టగానే ఇంట్లో ఏదో తక్కువైనట్టనిపించింది. ఏమిటా అని ఆగారు. మిషను చప్పుడు లేదు.

సీతారావమ్మ గారు మంచం పట్టె పట్టుకుని నిటారుగా కూచుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముక్కులో ఉండాల్సిన గొట్టం చుట్టచుట్టి దిండు మీద పెట్టి ఉంది.

"కంగారు పడకండి" అందామె, మాట మాటకీ ఆగి. "ఇంకాసేపే... వర్జ్యం... అయిపోతుంది."

"సీతా! ఎన్నాళ్ల నుంచి ఈ పని?"

"మీరు రాసిన... కాణ్ణుంచీ. మీరు అటెళ్లగానే తీసేస్తాను... వచ్చేలోపు పెట్టేసుకుంటాను. మీరు బెంగ పెట్టుకుంటారని."

"నీకు మినహాయింపు వస్తుందని చెప్పానా లేదా?"

"వచ్చాక... వేసుకుందామనే."

ఆయన పరుగున వెళ్లి స్విచ్చి వేశారు. గొట్టం పెట్టబోతే ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది. "దోషం... మీకు తగులుతుంది. మీటరు మీ పేరున ఉంది."

"దోషం లేదు, గీషం లేదు. అదంతా నేను కల్పించిందే! అబద్ధమే సీతా!"

ఆమె ఆయన కేసి జాలిగా చూసింది. "మీరు కంగార్లో... అంటున్నారు. మీ పంచాంగం ఏనాడూ తప్పలేదు."

కేకలు విని నాగరత్నం పరిగెత్తుకొచ్చింది. సంగతి చూసింది. వెళ్లి స్విచ్చి ఆపి, మళ్లీ తన చేత్తో వేసింది. గొట్టం తీసి సీతారావమ్మ గారి ముక్కుకి తగిలించింది.

"చూడండమ్మగారూ, స్విచ్చి ఏసింది నేను. దోషం ఉంటే నాకే అంటుద్ది. ఇప్పటికే మా మావ నక్షత్రం మోత్తన్నాను, దాని మీద ఇదొకటి. మీరు పీల్చుకోండి."

"ఎంతసేపు?" అంది సీతారావమ్మ గారు నీరసంగా.

"మినహాయింపు కాగితం తెస్తాను" అన్నారు అవధాన్లు గారు. "నేనొచ్చేదాకా తియ్యకు." పంచాంగం ప్రతిని అక్కడే వదిలేసి, పంచె కుచ్చిళ్లు ఎగదోపుకుని మండపానికి పరిగెత్తారు.

అప్పటికి సభ మొదలయింది. "విద్యుత్తును అందరూ ఉత్పత్తి చేస్తారు, ప్రవర్తనను ఉత్పత్తి చేసింది మనమే" అంటున్నారు డి.ఇ. గారు. అవధాన్లు గారు మెట్లెక్కి ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నారు. రొప్పుతున్నారు.

"అయ్యా, అమ్మా, అందరూ వినండి. విద్యుద్వర్జ్యం అనేది లేదు. ఏ శాస్త్రంలోనూ లేదు. నేను కల్పించాను. మీ గ్రైండర్ల సంగతి గ్రహాలకి తెలీదు. నా పంచాంగం పట్టుకుని ఎవరూ ఏదీ ఆపకండి. మా ఇంట్లో మనిషి ఊపిరి ఆపుకుని కూచుంది!"

మండపం బిక్కచచ్చిపోయింది. ఛైర్మన్ గారు డి.ఇ. గారి కేసి చూశారు, డి.ఇ. గారు నేల కేసి చూశారు. అప్పుడు మధ్య వరసల్లోంచి ఒక పెద్దాయన వాచీ చూసుకుని లేచాడు.

"సిద్ధాంతిగారిది పునర్వసు కదండీ? వారికి ఇప్పుడు వర్జ్యం నడుస్తోంది. వర్జ్యంలో అన్న మాట లెక్కలోకి రాదు."

"అవునవును!" అన్నారు జనం. అందరికీ ప్రాణం లేచొచ్చింది. చప్పట్లు మారుమోగాయి. వర్జ్యంలో నోరు విప్పితే ఎంతటి పండితుడికైనా ఎలా మతి తప్పుతుందో కళ్లారా చూశామని ఒకరికొకరు చెప్పుకున్నారు. పంచాంగం మీద నమ్మకం ఆ పూటతో రెట్టింపయింది.

"గురువుగారి వినయం!" అని డి.ఇ. గారు తేరుకుని మైకు తిరిగి అందుకున్నారు. అవధాన్లు గారి భుజాల మీద శాలువా పడింది. "ఈ శుభ సందర్భంలో వారికి సంస్థ చిన్న కానుక ఇస్తోంది. వారి సతీమణి శ్వాస మినహాయింపు ఉత్తర్వు!"

అవధాన్లు గారు గబగబా కవరు చింపారు. కింద గుండ్రటి ముద్ర, మూడు సంతకాలు ఉన్నాయి. "శ్రీమతి సీతారావమ్మ గారి శ్వాస సంబంధిత ఉపకరణమునకు మినహాయింపు మంజూరు చేయడమైనది. సదరు మినహాయింపు చౌక వేళలందు మాత్రమే వర్తించును."

ఆయన తలెత్తారు. "చౌక వేళలో ఎలాగూ చౌకే కదండీ. ఇక దీంతో మినహాయించిందేమిటి?"

"అదే ఇందులోని సౌలభ్యం" అని డి.ఇ. గారు ఫొటో కోసం నవ్వుతూనే చెవిలో చెప్పారు. "సంస్థ మీద భారం పడదు. అందుకే మంజూరయింది."

అవధాన్లు గారికి ఆయన్ని అక్కడికక్కడే శాలువాతో సహా కిందికి నెట్టాలనిపించింది. కానీ ఇంటి దగ్గర నాగరత్నం ఎంతసేపు కాపలా ఉంటుంది? కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుని మెట్లు దిగిపోయారు.

ఆయన వెళ్లేసరికి సీతారావమ్మ గారి చెయ్యి గొట్టం మీదే ఉంది. నాగరత్నం ఆ చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది.

"వచ్చిందా?" అంది సీతారావమ్మ గారు.

"వచ్చింది" అన్నారాయన. మంచం మీద ఆమె పక్కన కూచుని, కాగితం విప్పి, కళ్లజోడు సరిచేసుకుని, ఏటా ఉగాది నాడు పంచాంగ శ్రవణం చేసే గొంతుతో చదివారు. "శ్రీమతి సీతారావమ్మ గారు పగలనక, రాత్రనక, వర్జ్యమనక, దుర్ముహూర్తమనక, అన్ని వేళలందూ నిరాటంకముగా ఊపిరి పీల్చుకొనుటకు సంస్థవారు అనుమతించడమైనది."

నాగరత్నం కాగితం కేసి చూసింది, ఆయన మొహం కేసి చూసింది, తల వంచుకుంది.

"ముద్ర ఉందా?"

ఆయన ఆమె వేలు పట్టుకుని గుండ్రటి ముద్ర మీద పెట్టారు. ఆమె దాన్ని చుట్టూ తడిమి చూసి, సంతృప్తిగా గొట్టం మీంచి చెయ్యి తీసేసింది. కళ్లు మూసుకుని చాలాసేపు గుండెల నిండా పీల్చుకుంది. పెదాలకి నెమ్మదిగా రంగొచ్చింది. అవధాన్లు గారు ఆ పెదాలనే చూస్తూ కూచున్నారు. మిషను గుర్రుమంటోంది, గోడ మీద మీటరు ఎర్రగా మిణుకుమంటూ ఆఫీసుకి చాడీలు చెబుతోంది.

"చూశారా" అందామె కాస్సేపటికి, ఆయాసం లేని గొంతుతో. "ఆ ఆఫీసు వాళ్లు ఎంత మంచివాళ్లో! మీరే పాపం ఇందాక ఏదేదో అన్నారు. డి.ఇ. గారికి రెండు ముక్కలు కృతజ్ఞతగా రాయండి."

"రాస్తాను" అన్నారు అవధాన్లు గారు, మొహం అవతలికి తిప్పుకుని.

"ఇప్పుడొద్దు" అంది సీతారావమ్మ గారు. "మీకింకా వర్జ్యం పోలేదు."